జాజ్ ట్రయో, అరవై మంది సింఫనీ, మా బ్యాండ్ మామ

ముందే చెప్పేస్తున్నా. బెంగళూరులో జాజ్ ట్రయో, సింఫనీ కలిసి వాయించిన కచేరీకి టికెట్ మనిషికి 1,200 రూపాయలు. అనంతపురం నుంచి బెంగళూరుకి రానూపోనూ ఛార్జీలు, తిండి, ఆటోలు అన్నీ కలిపి ఇద్దరికీ నాలుగు వేలు దాటింది, రాత్రంతా నిద్ర లేదు, పొద్దున్నే మళ్ళీ కాలేజీ. అయినా ఇలాంటి కచేరీ ఇంకొకటి పడిందంటే మళ్ళీ వెళ్తాను. ఇంటర్వెల్లో ఎవరైనా అడిగుంటే మాత్రం ఈ మాట అనేదాన్ని కాదు, డబ్బులు దండగ అయ్యాయనే చెప్పేదాన్ని. రెండో సగం మొత్తం తిప్పేసింది. ఎలా తిప్పిందో చెప్పాలనే ఇంత పొడుగు రాస్తున్నా.

స్టేజీ మీద ముందు ఒక జాజ్ ట్రయో, అంటే పియానో, డబుల్ బాస్ (మనిషంత ఎత్తు వయొలిన్ లాంటిది), డ్రమ్స్, ముగ్గురే మనుషులు. వాళ్ళ వెనకాల అరవై మందికి పైగా ఉన్న సింఫనీ ఆర్కెస్ట్రా. ముగ్గురి దగ్గరా కాగితం మీద ఉండేది కొంతే, మిగతాది మన వాళ్ళు రాగం పాడినట్టు, స్వరకల్పన చేసినట్టు అప్పటికప్పుడు కట్టుకోవాలి. వెనక అరవై మందికి ప్రతి స్వరం, ఎంత గట్టిగా వాయించాలో ఎక్కడ విల్లు తిప్పాలో కూడా అచ్చువేసి ఉంటుంది. ఈ రెండు రకాల వాళ్ళూ కలిసి వాయించాలి. వినడానికి బాగుంటుందనిపిస్తుంది గానీ చాలాసార్లు కుదరదు, ఆ రోజు మొదటి సగంలో కుదరలేదు కూడా.

హాలు పేరు, నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఒక్క రాత్రి జరిగిన పొరపాట్లకి పేరు పెట్టి తిట్టడం నాకు ఇష్టం లేదు.

నాతో వచ్చింది మా మేనమామ. అనంతపురం పాతూరులో ఉంటాడు, అరవై ఒకటి దాటింది, బ్యాండ్ సెట్లో 35 ఏళ్ళుగా క్లారినెట్. ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లు, ఈ చుట్టుపక్కల పెళ్ళి ఊరేగింపు ఎక్కడున్నా వెళ్తాడు. నొటేషన్ చదవడం రాదు, రెండుసార్లు వింటే చాలు, చేతికి వచ్చేస్తుంది. నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, జాజ్ పిచ్చి నాది. ఒక నెల కిందట ఒక ఆదివారం మామకి ఫోన్లో ఒక వీడియో చూపించా. 2003లో బెర్లిన్‌లో, ఆరుబయట, బెర్లిన్ ఫిల్హార్మానిక్ ఆర్కెస్ట్రాతో మార్కస్ రాబర్ట్స్ ట్రయో వాయించిన కచేరీ అది, కండక్టర్ సెయిజీ ఓజావా. రాబర్ట్స్‌కి చిన్నప్పుడే చూపు పోయింది, అంతా చెవితోనే. అందులో గెర్ష్విన్ అనే అమెరికా సంగీతకర్త రాసిన 'రాప్సొడీ ఇన్ బ్లూ' మొదలవ్వగానే క్లారినెట్ ఒక్కటే కింద నుంచి పైదాకా పాకుతూ వెళ్తుంది కదా, అది విని మామ ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు. "ఇంగోసారి పెట్టు పాపా" అన్నాడు. ఎనిమిదిసార్లు పెట్టించుకున్నాడు. పియానో వచ్చేదాకా కూడా పోనివ్వలేదు, ఆ మొదటి పది సెకన్లే మళ్ళీ మళ్ళీ. "ఆ జారు యాడ నేర్చుకున్యాడో కనుక్కో" అన్నాడు చివరికి. అదే ముక్క బెంగళూరులో వాయిస్తున్నారని తెలిసిన రోజే రెండు టికెట్లు బుక్ చేసేశా.

మన దేశంలో పూర్తిస్థాయి సింఫనీని ఎదురుగా కూర్చుని వినే అవకాశమే తక్కువ. 2006లో ముంబయి ఎన్‌సీపీఏ అనే కళాకేంద్రంలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా మొదలైంది, బయటి దేశాల బృందాలు అప్పుడప్పుడు పెద్ద ఊళ్ళకి వస్తుంటాయి. మన రాయలసీమ వాళ్ళకి సింఫనీ అంటే సినిమా రీరికార్డింగే, లేదంటే 2025 మార్చి 8న ఇళయరాజా లండన్‌లో తన సింఫనీ వినిపించినప్పుడు వార్తల్లో చూసిన ముక్కలే. అందుకే 200 కిలోమీటర్లు పెద్ద దూరం అనిపించలేదు.

పొద్దున రైలెక్కాం, అత్త కట్టిచ్చిన ఉగ్గాని, బజ్జీల పొట్లం పెనుకొండ దాటకముందే అయిపోయింది. దారిలో మామకి ఒక సంగతి చెప్పా. గెర్ష్విన్‌కి ఈ ముక్క మొత్తం రూపం తట్టింది బోస్టన్ వెళ్ళే రైల్లోనట, ఆ చక్రాల మోత వింటుంటే మనసులో కట్టుకుంటూ పోయాడట. అప్పటికి ఆయన వయసు 25. కచేరీలో తన కొత్త రచన ఉంటుందని జనవరి మొదట్లో పేపర్లో వేసేశారు, కచేరీ ఫిబ్రవరి 12న, 1924లో, న్యూయార్క్ ఏయోలియన్ హాల్లో. ఐదు వారాలు టైమ్. వాద్యాలన్నిటికీ పంచి రాసే పని ఫెర్డీ గ్రోఫే అనే ఆయన చేశాడు. మామ అంతా విని, "పెండ్లి నెలలో మాకు పొద్దున చెప్పి సాయంత్రం కొత్త పాట వాయించమంటారు, ఐదు వారాలంటే శానా టైమే" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆయనకి ఆ ఒత్తిడి తెలుసు.

ఇక కచేరీ సంగతి. ఆరున్నరకి అని టికెట్ మీద ఉంది, మొదలైంది ఏడూ పదికి. తర్వాత ఇరవై నిమిషాలు మైకు పట్టుకుని మాటలు. సన్మానాలు, శాలువాలు, బొకేలు. అరవై మంది వాద్యాలు శ్రుతి చేసుకుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఏసీ హాల్లో అంతసేపు ఉంటే శ్రుతి కదులుతుంది, మళ్ళీ ఓబో (సన్నాయి లాంటి ఊదే వాద్యం) వాళ్ళు స్వరం ఇవ్వాల్సి వచ్చింది, మళ్ళీ అందరూ సరిచేసుకున్నారు. దూరం నుంచి వచ్చిన వాళ్ళకి తిరుగు బస్సు టెన్షన్ ఉంటుందని నిర్వాహకులు ఒక్కసారి ఆలోచిస్తే బాగుండేది. ఏ ముక్క తర్వాత ఏది వాయిస్తారో రాసిన కాగితం కూడా ఇవ్వలేదు, అదైనా ఇచ్చి ఉంటే ఆ మాటలన్నీ అక్కర్లేదు.

మొదటి సగం మీద నా ఫిర్యాదు రెండు రకాలు. ఒకటి సౌండ్, రెండోది సంగీతమే.

సౌండ్ ఏంటంటే, ట్రయోకి మైకులు బోలెడు, ఆర్కెస్ట్రాకి దాదాపు లేవు. పియానో మూత లోపల రెండు, డ్రమ్స్ చుట్టూ నాకు కనిపించినవే ఐదారు, డబుల్ బాస్‌కి పికప్, అంటే వాద్యానికే బిగించే చిన్న మైకు. వెనక వయొలిన్లకి, వాటికంటే కాస్త పెద్దవైన వయోలాలకి పై నుంచి వేలాడదీసిన రెండు మూడు మైకులే. దాంతో ముగ్గురి మోత స్పీకర్లలోంచి మీద పడుతుంటే వెనక అరవై మంది చేతులు ఊగడం కనిపిస్తోంది గానీ ఏం వినపడదు. బాల్కనీలో మొదటి వరసలో కూర్చున్న మాకే అలా ఉంటే కింద ముందు వరసల వాళ్ళకి ఎలా ఉందో. మామ నా చెవి దగ్గరకొచ్చి, "ఎనకాల వాళ్ళు వాయిస్తాండారా పాపా, ఊరికే చేతులు ఆడిస్తాండారా?" అని అడిగాడు. ఎగతాళిగా కాదు, బాధగా. అంతమంది కష్టం గాల్లో కలిసిపోతోందని ఆయన బాధ. బ్యాండ్ సెట్లో డ్రమ్ముల మధ్య క్లారినెట్ ఊపిరి ఎలా మునిగిపోతుందో తెలిసిన మనిషి కదా.

సంగీతం సంగతి దీనికంటే ముఖ్యం. మొదటి సగంలో నెమ్మది ముక్కలు పెట్టారు. 1966లో వచ్చిన బిల్ ఎవాన్స్ ట్రయో రికార్డు ఒకటుంది, సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిసి చేసింది, బాఖ్, షోపాన్, ఫోరే లాంటి యూరప్ సంగీతకర్తల రచనలు తీసుకుని క్లౌస్ ఓగర్‌మన్ దానికి ఆర్కెస్ట్రా రాశాడు. ఆ పద్ధతిలోనే ఫోరే 'పవాన్' ఎత్తుకున్నారు. రికార్డులో నాకు ఇష్టమే అది. ఇక్కడ మాత్రం ట్రయో తన దారిన వాయించుకుంటూ పోతుంటే వయొలిన్లు వెనక నుంచి పొడుగు స్వరాలు పట్టుకుని నిలబడ్డాయి, అంతే. పెళ్ళి పందిట్లో వధూవరుల వెనక కట్టే పూల తెర ఉంటుందే, అలా. ఆ తెర తీసేసినా పెళ్ళి ఆగదు. అరవై మందిని తెచ్చి వాళ్ళచేత తెర పట్టించడం నాకు నచ్చలేదు.

తర్వాత వేగం ముక్కలు వచ్చాయి, అక్కడ ఇంకో చిక్కు బయటపడింది. జాజ్‌లో స్వింగ్ అంటారు, ఒక దెబ్బని రెండు సమాన భాగాలు చెయ్యరు, మొదటిది పొడుగు, రెండోది పొట్టి. మన లెక్కలో చెప్పాలంటే 'తకిట'లో త, కి రెండూ కలిపి లాగి ట దగ్గర టకీమని వెయ్యడం లాంటిది, దెబ్బకి మూడు లెక్కుండే తిశ్ర నడకకి దగ్గరగా వెళ్తుంది. సింఫనీ వాళ్ళు చిన్నప్పటి నుంచి ఆ రెండు భాగాలూ సమానంగా వాయించడం నేర్చుకుని వస్తారు. ముందు ముగ్గురూ తిశ్రంలో ఊగుతున్నారు, వెనక వయొలిన్లు దెబ్బకి నాలుగు లెక్కుండే చతురశ్రంలో నిటారుగా నిలబడ్డాయి. మామకి స్వింగ్ అన్న మాట తెలియదు, నేను చెప్పలేదు కూడా. తొడ మీద వేళ్ళతో వేస్తూ వేస్తూ ఆగిపోయి, "ముందర నడక వేరే, ఎనక నడక వేరే" అన్నాడు.

దీనికి తోడు దూరం. శబ్దం సెకనుకి దాదాపు 340 మీటర్లే వెళ్తుంది. డ్రమ్స్ స్టేజీకి ఒక చివర, ఇత్తడి వాద్యాలు ఇంకో చివర వెనకాల, మధ్యలో 15 మీటర్లు ఉన్నాయనుకుంటే డ్రమ్ దెబ్బ వాళ్ళ చెవికి చేరడానికే 45 మిల్లీసెకన్లు పడుతుంది. వాళ్ళు చెవిని నమ్మి వాయిస్తే మన దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. అందుకే కండక్టర్ చేతిని చూసి వాయించాలి, కానీ డ్రమ్స్ ఆయన కండక్టర్ని చూడకుండా బాస్ ఆయన్ని చూసుకుంటున్నాడు. ట్రయో వాళ్ళకి అది అలవాటు, వాళ్ళలో వాళ్ళు చూసుకోవడం. ఒకచోట ట్రంపెట్లు దాదాపు అర దెబ్బ వెనకపడ్డాయి, కండక్టర్ మెడ నరాలు బిగుసుకోవడం బాల్కనీ నుంచి కూడా కనిపించింది. తప్పు ఎవరిదని కాదు. రెండు రకాల చెవులు, ఒకటో రెండో రిహార్సల్స్‌లో ఒకటైపోవు. ఈ రెండు సంగీతాల నుంచి మూడో పాయ ఒకటి రావాలని 1957లో గంథర్ షూలర్ 'థర్డ్ స్ట్రీమ్' అని దానికి పేరు పెట్టాడు. ఆయన సింఫనీల్లో హార్న్ వాయించినవాడు, జాజ్ లోపల తిరిగినవాడు, రెండూ ఎరిగిన మనిషి. పేరు పెట్టి ఇన్నేళ్ళయినా ఆ కలయిక ప్రతి రాత్రీ కొత్తగా కుదుర్చుకోవాల్సిందే.

ఇంటర్వెల్లో మామ టీకి కూడా రాలేదు. "ఆ సౌండ్ పిల్లోని దగ్గరికి పోదాం పా" అన్నాడు. హాలు వెనక మిక్సర్ దగ్గర పాతికేళ్ళ అబ్బాయి కూర్చున్నాడు, తెలుగే, మాట తీరు చూస్తే హిందూపురం వైపు. మామ అతని భుజం మీద చెయ్యి వేసి, "నాయనా, పియానో గొంతు సగం తగ్గించు, డ్రమ్ములకి మైకులే వద్దు, వాటికి గొంతు అదే ఉండాది. నువ్వు ఈడ కూర్చోవద్దు, ఒకసారి పైకి పొయ్యి విను" అన్నాడు. ఆ అబ్బాయి విసుక్కోలేదు. "పై నుంచి ఎవరూ చెప్పలేదు సార్, చూస్తాను" అన్నాడు, నిజంగానే లేచి బాల్కనీ మెట్లెక్కాడు. మేం చెప్పినందుకో, కండక్టర్ కూడా చెప్పి పంపాడో, రెండో సగం మొదలయ్యేసరికి డ్రమ్స్ చుట్టూ రెండే మైకులు మిగిలాయి.

లైట్లు తగ్గాయి, 'రాప్సొడీ ఇన్ బ్లూ'.

ఒక్క మనిషి. వరసల మధ్యలో కూర్చున్న సన్నటి అమ్మాయి, ముప్ఫై ఉంటాయేమో, క్లారినెట్ కొంచెం పైకెత్తి పట్టుకుంది. కింది స్వరం మీద చిన్న కంపితం, అక్కడి నుంచి మెట్లెక్కినట్టు స్వరాలు, సగం దాకా మెట్లు మెట్లుగానే వెళ్ళి తర్వాత ఆ మెట్లు మాయమైపోయి జారుగా పైకి, పైకి, ఆ పై స్వరం చేరుకునే ముందు ఒక్క క్షణం కావాలని ఆగినట్టు. గెర్ష్విన్ మొదట రాసింది జారు కాదు, మామూలుగా స్వరం తర్వాత స్వరం. 1924లో రిహార్సల్లో రాస్ గోర్మన్ అనే క్లారినెట్ ఆయన సరదాకి దాన్ని జారుగా సాగదీస్తే గెర్ష్విన్‌కి నచ్చి అలాగే ఉంచమన్నాడు. వందేళ్ళుగా ప్రపంచమంతా అలాగే వాయిస్తున్నారు.

నేను ఆ అమ్మాయిని చూడలేదు, మామ చేతుల్ని చూశాను. రెండు చేతులూ ఒళ్ళో క్లారినెట్ ఉన్నట్టు పెట్టుకున్నాడు. కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటి లేచాయి, మామూలుగానే. ఎడమచేతికి వచ్చేసరికి వేలు లేవడం లేదు, ఒరిగిపోతోంది, రంధ్రం మీద నుంచి పక్కకి నెమ్మదిగా జరుపుతున్నట్టు, దాంతోపాటు కింది పెదవి వదులవుతోంది, గొంతు మింగుతున్నట్టు కదులుతోంది. అరవై ఒక్క ఏళ్ళ చేతులు, ఆ గోళ్ళ దగ్గర కొంచెం వణుకు కూడా ఉంది ఇప్పుడు. ఆ అమ్మాయి పై స్వరం చేరుకునే క్షణానికి సరిగ్గా ఈయన ఆఖరి వేలు లేచింది. హాలంతా ఆర్కెస్ట్రా పడింది. మామ ఊపిరి వదిలాడు. ఆయన అంతసేపూ బిగబట్టాడని అప్పుడే తెలిసింది నాకు.

సౌండ్ కూడా మారింది. ఇప్పుడు పియానో దాని చోట నుంచే వినపడుతోంది, గోడల్లోంచి కాదు. డ్రమ్స్ ఆయన కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లు తీసుకున్నాడు, అవి స్నేర్ డ్రమ్ మీద గుండ్రంగా తిప్పుతుంటే చేటలో బియ్యం చెరిగినట్టు సన్నగా, తెంపు లేకుండా. ఆ చప్పుడు కింద వయోలాలు కూడా వినపడ్డాయి. మొదటిసారి ఆ రాత్రి అరవై మూడు మందీ ఒకే గదిలో ఉన్నట్టు అనిపించింది.

ఈ రచన మొదట రాసింది పాల్ వైట్‌మన్ జాజ్ బ్యాండ్ కోసం, ఇప్పుడు మనం వినే పెద్ద సింఫనీ రూపం గ్రోఫే 1942లో చేసింది. అందులో పియానో ఒక్కటే ఉంటుంది, బాస్, డ్రమ్స్ ట్రయో ఉండదు. ట్రయోని లోపలికి తెచ్చి, పియానో ఒంటరిగా వాయించే చోట్ల రాసింది వదిలేసి అప్పటికప్పుడు కట్టుకోవడం రాబర్ట్స్ లాంటి వాళ్ళు చేసిన పని. అది అసలుకి ద్రోహం అనేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను. మొదటి కచేరీలోనే గెర్ష్విన్ తన పియానో భాగంలో కొంత రాసుకోకుండా స్టేజీ మీద అప్పటికప్పుడు వాయించాడు. ఆయన ఎంతసేపు వాయిస్తాడో ఎవరికీ తెలియదు కాబట్టి వైట్‌మన్ ముందున్న కాగితంలో ఆ చోట ఒక్కటే మాట రాసి ఉంది, 'తల ఊపేదాకా ఆగు' అని.

ఆ రాత్రి అదే చూశాను కళ్ళారా. నెమ్మది చరణం రాకముందు కండక్టర్ బెత్తం కిందికి దించి రెండు చేతులూ ముందు కట్టుకుని పక్కకి జరిగాడు. పియానో ఆయన మొదలుపెట్టాడు. కాసేపు ఒంటరిగా, తర్వాత డబుల్ బాస్ వేళ్ళతో మీటుతూ కింద నుంచి కలిసింది, తర్వాత బ్రష్‌లు. నాలుగైదు నిమిషాలు సాగి ఉంటుంది. మొదటి సగంలో తెర పట్టుకుని నిలబడ్డ వయొలిన్ వాళ్ళు ఇప్పుడు విల్లులు ఒళ్ళో పెట్టుకుని వింటున్నారు. ఊరికే కూర్చోవడం కాదు, వినడం. వయోలాల్లో తెల్ల జుట్టు ఆవిడ ఒకరు చెప్పు మడమతో నేల మీద మెల్లగా వేస్తున్నారు, తిశ్రంలోనే. వెనక ఎనిమిది డబుల్ బాసుల వాళ్ళు ముందున్న ఒక్క బాస్ ఆయన వేళ్ళకేసే చూస్తున్నారు, విల్లుతో కాకుండా వేళ్ళతో అంత పని ఎలా చేస్తున్నాడా అని. పియానో ఆయన తిరిగి తిరిగి, ఎక్కడికో వెళ్ళి, ఆ నెమ్మది చరణంలోని మొదటి మూడు స్వరాలు ఒకసారి తాకి వదిలేశాడు. ఇంకోసారి తాకి వదిలేశాడు. మూడోసారి గడ్డం కొంచెం పైకెత్తాడు. కండక్టర్ చేతులు లేచాయి, విల్లులన్నీ ఒకేసారి లేచాయి, ఆ చరణం మొత్తం ఆర్కెస్ట్రాతో వచ్చి పడింది. మన కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనం చివర ముగింపు కోర్వై వేశాక పాట మళ్ళీ ఎత్తుకునేటప్పుడు ఒళ్ళు జలదరిస్తుందే, అదే, కాకపోతే ఎత్తుకున్నది అరవై మంది.

ఇలాంటి కచేరీకి డబ్బులు పెట్టేది ఈ క్షణం కోసమే అని నాకు అప్పుడు తెలిసింది. రెండు సంగీతాలూ ఒకేసారి మోగితే చాలదు. ఒకళ్ళు వాయిస్తుంటే ఇంకొకళ్ళు ఆగాలి, ఆగి వినాలి, విన్నదాన్ని బట్టి లేవాలి. మొదటి సగంలో ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు. నెమ్మది చరణంలో వయొలిన్లు కూడా మారిపోయాయి, అదే మనుషులు, అదే చేతులు, కానీ స్వరం చివర కొంచెం లాగి వదులుతున్నారు, ముందు ముగ్గురూ వాయించిన నడక చెవిలో మిగిలి ఉంది కాబట్టి.

అంతా బాగుందని కాదు. చివర్లో రైలు మోత లాగా వేగం అందుకునే చోట డ్రమ్స్ ఆయన మళ్ళీ కర్రలు పట్టి సింబల్స్ మీద విరుచుకుపడ్డాడు, అక్కడ ఇత్తడి వాద్యాల్లోనే ఆ తాళం రాసి ఉంది, దాని మీద మళ్ళీ అదే వెయ్యక్కర్లేదు. నేనైతే ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ మొదటి సగానికీ శాలువాలకీ పోయింది.

జనం లేచి చప్పట్లు ఆపకపోతే ఇంకొకటి వాయించారు, 'టేక్ ఫైవ్'. పాల్ డెస్మండ్ రాసింది, డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 1959లో రికార్డు చేసింది. మామూలుగా శాక్సాఫోన్ ఉండాలి, ఇక్కడ ఆ పాట ట్రయో ఎత్తుకుంటే విల్లు వాద్యాల వాళ్ళందరూ విల్లులు వదిలేసి వేళ్ళతో తీగలు మీటారు, అరవై మందిలో నలభై మంది ఒకేసారి టక్కు టక్కు మని మీటడం వినడానికి ఎంత బాగుందో చెప్పలేను. ఐదు దెబ్బల తాళం. హాలు చప్పట్లు వెయ్యబోయి నాలుగు దగ్గర తప్పిపోయింది. మామ ఖండ చాపు అని పట్టేశాడు వెంటనే, తక-తకిట, రెండూ మూడూ అని తొడ మీద వేస్తూ రెండు ఆవర్తాలు పోయాక చెయ్యి ఆపాడు. విన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి తకిట-తక. మూడూ రెండూ. "తిరగేసినారు పాపా" అన్నాడు ముఖం వెలిగిపోతూ. నేను ఆ పాట కాలేజీ రోజుల నుంచి వింటున్నా, అది ఖండ చాపుని తిరగేసినట్టు ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

వెళ్ళాలనుకునే వాళ్ళకి రెండు మూడు మాటలు. బాల్కనీ మధ్యలో మొదటి రెండు వరసలు తీసుకోండి, ట్రయోకి మైకులు ఎక్కువ పెట్టినా అక్కడ ఆర్కెస్ట్రా కొంచెం మెరుగ్గా వినపడుతుంది, పైగా అందరి చేతులూ కనిపిస్తాయి. వెళ్ళే ముందు ముక్కల్ని ఒక్కసారైనా విని వెళ్ళండి, మనకి తెలిసిన కీర్తనలో కొత్త సంగతి పడితే ఎలా తెలుస్తుందో, ఎక్కడ రాసింది వదిలి సొంతంగా వాయిస్తున్నారో అప్పుడే తెలుస్తుంది. రాత్రి రైలు పెట్టుకోకండి, మొదలవ్వడమే ఆలస్యం అవుతుంది. మెజెస్టిక్ బస్టాండ్ నుంచి అనంతపురానికి అర్ధరాత్రి దాటాక కూడా బస్సులు దొరుకుతాయి. పిల్లల్ని తీసుకెళ్ళండి, మా వరసలోనే పదేళ్ళ పాప కన్నార్పకుండా చూసింది.

ఇది మనది కాని సంగీతం, మన వాళ్ళకి ఎక్కదు అనే మాట అనంతపురంలో చాలాసార్లు విన్నాను, అలా అనేవాళ్ళకి ఒక్క సంగతి. 1960ల చివర్లో మేనార్డ్ ఫెర్గూసన్ అనే పెద్ద జాజ్ ట్రంపెట్ ఆయన కెనడాలో పుట్టి అమెరికాలో పేరు తెచ్చుకుని, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్‌కి వచ్చి పిల్లలకి పాఠాలు చెప్పాడు. మన సీమలోనే. ఇక్కడ పెళ్ళి ఊరేగింపుల్లో క్లారినెట్, ట్రంపెట్, శాక్సాఫోన్ వాయించే వాళ్ళు వీధికి ఒకరున్నారు, ఈ సంగీతం వినాల్సిన చెవులు వాళ్ళవే, వాళ్ళకి దీని సంగతి చెప్పేవాళ్ళే లేరు. అరవై మందిని అనంతపురం తేవడం కష్టం, సరే. ఆ ముగ్గురినైనా లలిత కళా పరిషత్‌కి ఎవరైనా తెస్తే మా పాతూరు బ్యాండ్ సెట్ల వాళ్ళందరికీ నేనే టికెట్లు కొని కూర్చోబెడతాను.

బస్సు బాగేపల్లిలో టీకి ఆగినప్పుడు రెండు దాటింది. మామ అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు, నిద్రపోయాడనుకున్నా. టీ గ్లాసు పట్టుకుని, "ఆ అమ్మాయి మెత్తని రీడు పెట్టుకోనుంటాది. నా రీడుతో పెదవి అంత వదలదు" అన్నాడు. రీడంటే క్లారినెట్ మూతి దగ్గర బిగించే పలుచని ముక్క, ఊదితే అదే కంపిస్తుంది. అంతసేపూ దాని గురించే ఆలోచిస్తున్నాడు.

తర్వాతి ఆదివారం పాతూరు వెళ్తే అరుగు మీద క్లారినెట్ పెట్టె తెరిచి ఉంది. జారు ఎత్తుకున్నాడు. మెట్లు బాగానే ఎక్కాడు, పైన జారే చోట మధ్యలో ఒకచోట తెగింది, మళ్ళీ ఎత్తుకున్నాడు, మళ్ళీ అక్కడే తెగింది, నాలుగోసారి తెగకుండా వెళ్ళింది గానీ పై స్వరం కొంచెం తక్కువగా నిలిచింది. ఎదురింటి పిల్లలు ఇద్దరు గేటు దగ్గర నిలబడి విన్నారు. ఆయన వాడేది మూడో నంబరు రీడు. రెండో నంబరు దానికంటే మెత్తన, ఆ డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను, పది రీడ్లు ఉంటాయి అందులో, బుధవారానికి వస్తుందని చూపిస్తోంది.